వడ్డీ రేటు తర్వాత అడగొచ్చు, ముందు పత్రం సంగతి తేల్చుకోండి

ఫ్లాటు బేరం 80 లక్షలకు కుదిరిందనుకుందాం. బ్యాంకు ఇచ్చేది అందులో 80 శాతం, అంటే 64 లక్షలు. మిగతా 16 లక్షలు మన చేతిలోంచి పడాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా ఇంచుమించు 7.5 శాతం. పూర్తి ధరకే రాయిస్తే ఇంకో 6 లక్షలు. ఆ ఖర్చును బ్యాంకు ఇంటి ధరలో కలిపి లెక్కకట్టదు. మొత్తం 22 లక్షలు కావాలి, చేతిలో 12 ఉన్నాయి. ఆ తక్కువపడ్డ 10 లక్షల కోసమే చాలామంది మొదటిసారి ప్రైవేటు ఫైనాన్స్ గడప తొక్కుతారు.

ఇంకో రకం వాళ్లకు బ్యాంకు అసలు తలుపే తీయదు. పంచాయతీ లేఅవుట్‌లో ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) కాని ప్లాటు, గ్రామకంఠంలో పాత ఇల్లు, నోటరీ కాగితాల మీద చేతులు మారిన స్థలం, లేదంటే ఆదాయం ఉన్నా రిటర్నులు వేయని చిన్న వ్యాపారం. మూడో రకం తొందర ఉన్నవాళ్లు. బ్యాంకు వేలంలో ఆస్తి పాడుకుంటే ఆ రోజే, మహా అయితే మర్నాటి పనిదినానికల్లా 25 శాతం కట్టాలి. మిగతా 75 శాతానికి 15 రోజులు. కట్టలేకపోతే ముందు కట్టిన పాతిక శాతం పోతుంది. రీసేల్ ఫ్లాటులో అమ్మేవాళ్లకే బ్యాంకు బాకీ ఉంటే, అది తీరితే గాని ఒరిజినల్ డాక్యుమెంట్లు బయటికి రావు. అది తీర్చడానికి మూడు నాలుగు వారాల డబ్బు కావాలి.

ప్రైవేటు డబ్బు సరిగ్గా పనికొచ్చేది ఈ మూడో రకానికే. మొదటి రకం వాళ్లు లెక్క వేసుకుని దిగాలి. రెండో రకం వాళ్లు మాత్రం ఒకసారి ఆగి, బ్యాంకు ఎందుకు వద్దందో కనుక్కోవాలి. రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితాలో ఉన్న భూమికో, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమికో ఫైనాన్షియర్ డబ్బిస్తానన్నాడంటే అతను ఆ భూమిని చూసి ఇవ్వడం లేదు. మీ చెక్కుల్ని, ఊళ్లో మీ నాన్నగారి పేరున ఉన్న ఇంటిని చూసి ఇస్తున్నాడు.

బంగారం, ఎఫ్‌డీ, ఎల్‌ఐసీ పాలసీ, పీఎఫ్ ఉన్నవాళ్లు ముందు వాటి వైపు చూడటం మేలు. ఎత్తుకోని చిట్టీ ఉంటే దాన్నీ లెక్కలోకి తెచ్చుకోండి, పాటలో కొంత పోయినా సరే. ఇవన్నీ అయ్యాక కూడా తక్కువపడితేనే కింద రాసిందంతా.

నూటికి రెండు అంటే నిజంగా ఎంత

తెలంగాణలో మిత్తి అన్నా, కోస్తాలో వడ్డీ అన్నా మన లెక్క నెలకు నూటికి ఇన్ని రూపాయలని. రూపాయి వడ్డీ ఏడాదికి 12 శాతం, రూపాయిన్నర అయితే 18, రెండు రూపాయలు 24, మూడైతే 36. బ్యాంకు మేనేజరు తొమ్మిది అంటాడు, ఫైనాన్షియర్ రెండు అంటాడు. చెవికి రెండే చిన్నగా వినిపిస్తుంది.

ఆ రెండు కూడా రెండుగా ఉండదు. పది లక్షలకు ఆరు నెలల గడువుతో మాట్లాడుకున్నారు. ఇచ్చే రోజే మూడు నెలల వడ్డీ 60,000 ముందుగా కోసుకుంటారు. మధ్యవర్తికి రెండు శాతం కమీషన్, 20,000. చేతికి వచ్చింది 9,20,000. నాలుగో నెల నుంచి నెలకు 20,000 వడ్డీ, ఆరో నెలాఖరున 10 లక్షల అసలు. చేతికందిన సొమ్ము మీద లెక్కకడితే నూటికి పడుతున్నది రెండు కాదు, రెండు రూపాయల నలభై పైసలు. ఏడాదికి 29 శాతం దగ్గర. గడువు ఎంత చిన్నదైతే ఈ కోతల భారం అంత పెద్దది. అందుకే ముందు వడ్డీ ఒక నెలకు మించి కోయనివ్వకండి. కోస్తే పత్రంలో అసలు 10 లక్షలు అని కాక చేతికి వచ్చిన మొత్తమే రాయమనండి. ఒప్పుకోరు, నిజమే. అయినా ఆ మాట ఎత్తితే కమీషన్ దగ్గరో, వడ్డీ దగ్గరో బేరం కదులుతుంది.

నెల లెక్క సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. 5వ తేదీన తీసుకుని మూడో నెల 8న కట్టేస్తే, ఆ మూడు రోజులకూ పూర్తి నెల వడ్డీ అడిగేవాళ్లే ఎక్కువ. ‘రోజుల లెక్కన’ అనే రెండు మాటలు పత్రంలో పడితే పది లక్షల మీద పదిహేడు పద్దెనిమిది వేలు మిగులుతాయి.

వాయిదాల పద్ధతిలో ఇచ్చేవాళ్లు ఫ్లాట్ వడ్డీ చెప్తారు. రూపాయి పావలా, 60 నెలలు, పది లక్షలు. నెలకు అసలు 16,667, వడ్డీ 12,500, కలిపి 29,167. వినడానికి ఏడాదికి 15 శాతమే. కానీ నెలనెలా అసలు తరుగుతున్నా వడ్డీ మాత్రం మొదటి పది లక్షల మీదే పడుతోంది. తరిగే అసలు మీద లెక్కకడితే ఇది ఏడాదికి 24.7 శాతం. అంటే రూపాయి పావలా ఫ్లాట్, రెండు రూపాయల మామూలు వడ్డీ, రెండూ ఒకటే.

పైన చెప్పిన 80 లక్షల ఫ్లాటుకే మళ్లీ వద్దాం. 64 లక్షల బ్యాంకు రుణానికి ఎనిమిదిన్నర శాతం చొప్పున 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 55,500. దాని మీద ప్రైవేటు వడ్డీ 20,000. నెలకు 75,500. ఇందులో 20,000 అసలును ఒక్క రూపాయి కూడా తగ్గించదు. మూడేళ్లు ఇలాగే కడితే 7,20,000 వడ్డీ పోయింది, పది లక్షలు పది లక్షలుగానే ఉన్నాయి. అసలు ఎక్కడి నుంచి, ఏ నెలలో వస్తుందో చెప్పలేనివాళ్లు తీసుకోకూడని అప్పు ఇది.

ప్రోనోటులో ఉండే మాటలు

స్టేషనరీ షాపులో దొరికే అచ్చు ప్రోనోటు ఒకటి తెచ్చి నిదానంగా చదవండి. కాస్త అటూ ఇటూగా ఇలా ఉంటుంది: ‘నా కుటుంబ అవసరముల నిమిత్తం ఈ దినమున మీ వద్ద నేను నగదుగా పుచ్చుకొన్న రొక్కం రూ. 10,00,000. ఇందుకు నెల 1కి నూటికి రూ. 2 చొప్పున వడ్డీ కలిపి అసలు వడ్డీలు మీరు కోరినప్పుడు మీకు గాని, మీ ఆర్డరు పొందినవారికి గాని చెల్లించగలవాడను.’ కింద రూపాయి రెవెన్యూ స్టాంపు, దాని మీదుగా సంతకం, పక్కన ఇద్దరు సాక్షులు, అడుగున దస్తూరి.

‘మీరు కోరినప్పుడు’ అన్నదాంతో మొదలుపెడదాం. ఆరు నెలల గడువని నోటితో ఎన్ని మాట్లాడుకున్నా, నోటు ప్రకారం రేపు ఉదయం అడిగినా కట్టాలి. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడ్డ కాల్ మనీ వ్యవహారానికి ఆ పేరు రావడమే అడిగిన వెంటనే కట్టాలన్న షరతు వల్ల. గడువు ఉందనుకుంటే అది వేరే ఒప్పంద పత్రంలో రాసి ఉండాలి, ఆ ఒప్పందంలో ఈ నోటు తేదీ, మొత్తం కనిపించాలి.

‘మీ ఆర్డరు పొందినవారికి’ అంటే మీరు అప్పు తీసుకున్న పెద్దమనిషి ఈ నోటును ఇంకొకరికి రాసిచ్చేయొచ్చు. రేపు ఇంటి ముందుకు వచ్చేది మీకు ముఖపరిచయం లేని మనిషి కావచ్చు.

‘నగదుగా పుచ్చుకొన్న’ అన్నది అచ్చులోనే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం 20,000 రూపాయలు, ఆపైన అప్పును నగదుగా తీసుకోకూడదు, నగదుగా తిరిగి కట్టకూడదు. ఆస్తి కొనడానికి ఇచ్చే అడ్వాన్సుకూ ఇదే నియమం. ఉల్లంఘిస్తే జరిమానా ఆ మొత్తానికి సమానం. తీసుకున్నందుకు జరిమానా తీసుకున్నవాళ్లకే, తిరిగి నగదు కట్టినందుకు జరిమానా కట్టినవాళ్లకే. అంటే రెండుసార్లూ అప్పు చేసినవాళ్ల మీదే పడుతుంది. ఇచ్చినవాడు నోటు పట్టుకుని కోర్టుకెళ్తే, ఆ నోటే మీరు నగదు తీసుకున్నారనడానికి సాక్ష్యం. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయం తప్ప పన్ను పడే ఆదాయం లేకపోతే మినహాయింపు ఉంది గానీ, ఫ్లాటు కొనే ఉద్యోగికి అది వర్తించదు. కనుక డబ్బు బ్యాంకు ఖాతాలోకే రావాలి, నోటులో ‘నగదుగా’ కొట్టేసి ఆర్‌టీజీఎస్ నంబరు రాయించాలి, కొట్టివేత పక్కన ఇద్దరూ సంతకం పెట్టాలి.

ఖాళీ నోటు మీద సంతకం చేసి ఇవ్వడం గురించి ఒక్క మాట. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం స్టాంపు అంటించి సంతకం చేసిన అసంపూర్ణ నోటును పూరించే అధికారం దాన్ని పట్టుకున్నవాడికి ఉంటుంది. ‘ఖాళీ కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు, అది చెల్లదు’ అనే ధైర్యం ఊళ్లల్లో చాలామందికి ఉంది. అది తప్పు ధైర్యం.

నోటు ఆయుష్షు రాసిన తేదీ నుంచి మూడేళ్లు. ఆ లోపల వెనక వైపు కొంత ముట్టినట్టు చెల్లు రాసి మీ సంతకం తీసుకుంటే, ఆ చెల్లు తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. రెండు సంవత్సరాల పదకొండో నెలలో ‘ఊరికే వంద రూపాయలు చెల్లు వేద్దాం, సంతకం పెట్టు’ అని పిలిచేది అందుకే. బాకీ ఉన్నవాళ్లు చెల్లు వేయడంలో తప్పు లేదు. కానీ అప్పటిదాకా కట్టిందంతా ముందు ఆ వెనక పేజీలో ఎక్కాలి.

చెక్కుల విషయంలోనూ అంతే. ఖాళీ చెక్కు మీద సంతకం ఉంటే అది బాకీ కోసమే ఇచ్చారని కోర్టు ముందుగా అనుకుంటుంది, కాదని చూపించే పని మీదేనని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే 2022 నాటి మరో తీర్పులో, చెక్కు బ్యాంకులో వేసే రోజుకు ఉన్న అసలు బాకీ కన్నా చెక్కు మొత్తం ఎక్కువైతే బౌన్సు కేసు నిలబడదని కూడా చెప్పింది. ఈ రెండో తీర్పు మీకు పనికిరావాలంటే మధ్యలో కట్టిన సొమ్ముకు ఆనవాళ్లుండాలి. చెక్కు ఇవ్వక తప్పకపోతే మొత్తం నింపి ఇవ్వండి, చెక్కు నంబర్లు ఒప్పందంలో ‘హామీ కోసం ఇచ్చినవి’ అని రాయించండి, ఫొటో తీసి ఉంచుకోండి. బౌన్సయ్యాక నోటీసు అందితే 15 రోజుల గడువు ఉంటుంది. ఆ కవరు తీసుకోకుండా తిప్పి పంపడం వల్ల ఒరిగేదేమీ లేదు.

వడ్డీ ఎప్పుడూ ఫోన్‌పేలోనో, బ్యాంకులోనో వేసి, రిమార్కు దగ్గర ‘వడ్డీ, ఫలానా నెల’ అని రాయండి. అసలులోకి కడుతుంటే ‘అసలుకు’ అని విడిగా రాయండి. ఏమీ చెప్పకుండా రెండు లక్షలు వేస్తే అది ముందు వడ్డీ బకాయికే జమవుతుంది. ఏడాది తర్వాత లెక్క చూసుకున్నప్పుడు అసలు కదలనే లేదని తెలుస్తుంది.

ఆస్తి మీద రాయించుకునే కాగితాలు

అప్పు తీసుకునేవాళ్లందరూ వడ్డీ దగ్గర అరగంట బేరమాడతారు, పత్రం దగ్గరికొచ్చేసరికి ‘ఎక్కడ సంతకం పెట్టాలి’ అంటారు. ఆస్తి దక్కడం, పోవడం తేలేది మాత్రం ఇక్కడే.

అప్పు తీసుకునేవాళ్లకు అన్నిటికన్నా భద్రమైనది రిజిస్టరు చేసిన మామూలు తనఖా. ఇల్లు మీ స్వాధీనంలోనే ఉంటుంది, ఈసీలో, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రంలో, తనఖా అని కనిపిస్తుంది. కట్టకపోతే ఇచ్చినవాడు నేరుగా ఇల్లు అమ్ముకోలేడు. సివిల్ కోర్టులో దావా వేసి, ప్రాథమిక డిక్రీ, ఆ తర్వాత తుది డిక్రీ తెచ్చుకుని, కోర్టు ద్వారానే అమ్మించాలి. అమ్మకం జరిగేలోపు బాకీ కట్టి విడిపించుకునే హక్కు మీకుంటుంది. ఆ హక్కు వదులుకుంటున్నానని పత్రంలో మీచేత రాయించినా చెల్లదు. స్టాంపు ఖర్చు కూడా అమ్మకపు పత్రానికి అయ్యేదాంట్లో చిన్న ముక్క. ఇన్ని మంచి లక్షణాలున్నాయి కాబట్టే ఫైనాన్షియర్లకు ఇది నచ్చదు.

దీనికి దగ్గరి చుట్టం డాక్యుమెంట్లు దగ్గర పెట్టడం. ప్రభుత్వం నోటిఫై చేసిన పట్టణాల్లో హామీ ఉద్దేశంతో ఒరిజినల్స్ చేతికిస్తే చాలు, కాగితం రాయకపోయినా తనఖా ఏర్పడినట్టే. భూమి ఏ పల్లెలో ఉన్నా సరే, డాక్యుమెంట్లు ఇచ్చింది ఆ పట్టణంలో అయితే చాలు. రిజిస్టరు చేయకపోతే ఇది ఈసీలో కనపడదు. అందుకే, ఇది కొనేవాళ్లకు చెప్పే మాట, అమ్మేవాళ్లు ‘ఒరిజినల్స్ ఎక్కడో పెట్టాం, జిరాక్సులున్నాయి’ అంటే ఈసీ శుభ్రంగా ఉన్నా అడ్వాన్సు ఇవ్వకండి. డాక్యుమెంట్లు ఇచ్చేవాళ్లు మాత్రం ప్రతి కాగితం నంబరు, సంవత్సరం, పేజీల సంఖ్యతో రసీదు తీసుకోవాలి. సేల్ డీడ్ ఒక్కటే కాదు, లింకు డాక్యుమెంట్లు, ప్లాను, పన్ను రసీదులు అన్నీ.

స్వాధీన తనఖా కోస్తా పల్లెల్లో ఇంకా ఉంది. ఇల్లో పొలమో అప్పగిస్తారు, అద్దె లేదా కౌలు వడ్డీకి సరిపోతుంది. అద్దె వడ్డీ కన్నా తక్కువైతే ఆ తేడా ఎవరు భరించాలో రాసి ఉండాలి. అంతకు మించి దీంట్లో చిక్కులు తక్కువ.

అసలు చిక్కంతా తర్వాతి రెండు పత్రాల్లో ఉంది.

ఒకటి, సేల్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ, అంటే అమ్మకపు ఒప్పందంతో పాటు మీ తరఫున అమ్మే అధికారం కూడా ఇచ్చే పత్రం. ‘ఊరికే హామీకి’ అని చెప్పి రిజిస్టరు చేయించుకుంటారు. జీపీఏ మీదే ఆస్తి అమ్మేశామంటే యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది, నిజమే. కానీ ఆ జీపీఏ పట్టుకుని మీ తరఫున మూడో మనిషికి సేల్ డీడ్ రిజిస్టరు చేస్తే? అది మీరు చేసిన అమ్మకమే అవుతుంది. మీరు జీపీఏ రద్దు చేద్దామని వెళ్తే, డబ్బు తీసుకుని ఇచ్చిన అధికారం ఒకవైపు నుంచి రద్దు కాదని కాంట్రాక్టు చట్టం 202వ సెక్షన్ చూపిస్తారు. కోర్టుకెళ్లకుండా ఆస్తి అమ్ముకునే తాళం చెవి ఇది. వడ్డీ పావలా తగ్గిస్తాం, జీపీఏ ఇవ్వండి అంటే ఆ పావలా దేనికి వెల కడుతోందో చూడండి.

రెండోది ఇంకా ఘోరం, ఏకంగా సేల్ డీడ్. ‘మా పేరు మీద రాయించుకుంటాం, బాకీ తీరాక మళ్లీ మీకు రాసిస్తాం’ అంటారు. ఆ హామీ నోటిమాటగానో, 100 రూపాయల స్టాంపు కాగితం మీదో ఉంటుంది. ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ ఇక్కడ సూటిగా ఉంది: తిరిగి రాసిస్తామన్న షరతు ఆ సేల్ డీడ్‌లోనే ఉంటే తప్ప దాన్ని తనఖాగా చూడరు. వేరే కాగితంలో ఉంటే అది తిరిగి అమ్మే ఒప్పందం మాత్రమే, గడువు దాటాక దావాకు మూడేళ్ల కాలపరిమితి. తనఖా విడిపించుకోవడానికైతే 30 ఏళ్లు. ఒక వాక్యం ఈ పత్రంలో ఉందా ఆ పత్రంలో ఉందా అన్నదాని మీద 30 కాస్తా 3 అవుతుంది.

అన్నీ సవ్యంగా జరిగినా ఖర్చు చూడండి. ప్రభుత్వ మార్కెట్ విలువ 40 లక్షలున్న ఇల్లు వాళ్ల పేరున రాయడానికి 7.5 శాతం, 3 లక్షలు. తిరిగి మీ పేరున రాయించుకోవడానికి మరో 3 లక్షలు. రెండూ మీ నెత్తినే. పైగా కాగితాల్లో అది అమ్మకం కాబట్టి మూలధన లాభం పన్ను నోటీసు రావచ్చు. ఎనిమిది లక్షల అప్పు కోసం ఈ పని చేసేవాళ్లున్నారు.

ఆస్తి అమ్మ పేరునో, నాన్న పేరునో ఉండి అప్పు కొడుకు తీసుకుంటే, సంతకం పెట్టిన పెద్దవాళ్ల బాధ్యత కొడుకు బాధ్యతతో సమానం. ముందు కొడుకును అడిగి, తర్వాత తమను అడగాలనే నియమమేమీ లేదు. పిత్రార్జితమైతే మిగతా వాటాదారుల సంతకాలు కూడా అడుగుతారు. ఆడపిల్లల సంతకాలు లేకుండా పని కానిచ్చేద్దామంటే ఆ లోపం తర్వాత మీ అమ్మకానికే అడ్డొస్తుంది.

ఎన్‌బీఎఫ్‌సీ అయితే

ఎన్‌బీఎఫ్‌సీ అంటే రిజర్వు బ్యాంకు దగ్గర రిజిస్టరైన, బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ. ఇక్కడ కనీసం ఫిర్యాదు చేసుకోవడానికి ఒక చోటుంది. బోర్డు మీద ‘ఫైనాన్స్’ అని ఉన్నదల్లా ఎన్‌బీఎఫ్‌సీ కాదు. రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో రిజిస్టరైన సంస్థల జాబితా ఉంటుంది, పేరు అక్షరం తేడా లేకుండా సరిపోల్చుకోండి.

2024 అక్టోబరు నుంచి వ్యక్తులకిచ్చే టర్మ్ లోన్లన్నిటికీ సంతకానికి ముందే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అందులో ఏపీఆర్ అనే అంకె ఒకటుంటుంది. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ, లీగల్, వాల్యుయేషన్ ఖర్చులు, అంటగట్టే బీమా కలిపి ఏడాదికి నిజంగా పడే రేటు అది. రెండు సంస్థల్ని పోల్చేటప్పుడు వడ్డీ రేటు పక్కన పెట్టి ఈ అంకెనే చూడండి. బీమా ప్రీమియాన్ని అప్పులోనే కలిపేస్తే దానికీ ఏళ్ల తరబడి వడ్డీ కడతారు.

వడ్డీ డబ్బు చేతికిచ్చిన రోజు నుంచే మొదలవ్వాలని 2024 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు గట్టిగా చెప్పింది. మంజూరు తేదీ నుంచో, చెక్కు మీది తేదీ నుంచో వేయకూడదు. ఆస్తి కొనుగోలులో ఇది బాగా తగులుతుంది. చెక్కు 2వ తేదీతో తయారై రిజిస్ట్రేషన్ రోజు దాకా, ఒక్కోసారి 20 రోజులు, సంస్థ డ్రాయర్లోనే ఉంటుంది. మొదటి స్టేట్‌మెంట్లో ఈ తేదీ చూడండి, తేడా ఉంటే అప్పుడే రాతపూర్వకంగా అడగండి.

ముందే కట్టేస్తే జరిమానా ఉందా అన్నది ఫిక్స్‌డా, ఫ్లోటింగా అన్నదాని మీద ఆధారపడుతుంది. సొంత అవసరానికి వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు అప్పుకు ముందస్తు ముగింపు రుసుము వేయకూడదు. అందుకే కొందరు మొదటి రెండు మూడేళ్లు ఫిక్స్‌డ్ అని రాస్తారు. మీరు సరిగ్గా ఆ రెండేళ్లలోనే బ్యాంకుకు మారాలనుకుంటారు కదా.

కట్టకపోతే? 100 కోట్లు, ఆపైన ఆస్తులున్న ఎన్‌బీఎఫ్‌సీలు 20 లక్షలు, ఆపైన బాకీలకు సర్ఫేసీ చట్టం వాడొచ్చు. 60 రోజుల నోటీసు తర్వాత కోర్టు డిక్రీ అక్కర్లేకుండా ఆస్తి స్వాధీనానికి దిగొచ్చు. వ్యవసాయ భూమి మీద ఈ చట్టం పనిచేయదు. ఊళ్లో వడ్డీకిచ్చే మనిషికి ఈ అధికారం ఎప్పుడూ లేదు, అతను కోర్టుకే వెళ్లాలి. ఎవరైనా ‘వారంలో తాళం వేస్తాం’ అని బెదిరిస్తే వాళ్లు ఈ రెండింట్లో ఏ వర్గమో ముందు చూడండి.

ఫిర్యాదు ముందు సంస్థకే రాసివ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు.

బయటపడే దారి

‘తర్వాత బ్యాంకు లోన్ పెట్టి ఇది తీర్చేస్తాం’ అన్నది అందరూ చెప్పే దారి. ఇందులో ఒక గుంత ఉంది. గృహ రుణం ఇల్లు కొనడానికి ఇస్తారు. ప్రైవేటు డబ్బుతో రిజిస్ట్రేషన్ అయిపోయి ఏడాది గడిచాక వెళ్తే అది కొనుగోలు కాదు, ఉన్న ఆస్తి మీద అప్పు. రేటు ఎక్కువ, విలువలో ఇచ్చే భాగం తక్కువ, ఏళ్లు తక్కువ. పైగా చేతి మీద తీసుకున్న అప్పు మీరెంత నిక్కచ్చిగా కట్టినా సిబిల్‌లో ఎక్కడా కనపడదు. ఈసీలో తనఖా ఉంటే ముందు అది విడిపించమంటారు, విడిపించడానికే కదా మీరు లోన్ అడుగుతున్నది.

కాబట్టి వరుస మార్చాలి. ముందు బ్యాంకు మంజూరు పత్రం, అందులో ఆస్తి లీగల్ పరిశీలన అయినట్టు ఉండాలి. ఆ తర్వాత ప్రైవేటు డబ్బు, అదీ మంజూరు గడువు లోపల తీరేంత. ఆదాయం కాగితాల మీద చూపలేనివాళ్లయితే మొదట ఎన్‌బీఎఫ్‌సీలో తీసుకుని, ఏడాదిన్నర ఒక్క వాయిదా తప్పకుండా కట్టి, రెండేళ్ల రిటర్నులు వేసి, మిగిలిన బాకీని బ్యాంకుకు మార్చుకునే బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అడగడం నడిచే దారి.

‘ధర పెరిగాక అమ్మి కట్టేద్దాం’ అనేది దారే కాదు. 20 లక్షల ప్లాటు మొత్తం రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కొంటే రిజిస్ట్రేషన్ 1,50,000, ఏడాది వడ్డీ 4,80,000. ఏడాదికి 26,30,000కు అమ్మితేనే చేతులు కాలకుండా బయటపడతారు. అంటే 31 శాతం పైన పెరగాలి, మధ్యవర్తి కమీషనూ పన్నూ పోను.

పన్ను సంగతి చిన్నది. పాత విధానంలో ఉన్నవాళ్లకు, సొంతంగా ఉండే ఇంటి కోసమైతే, ప్రైవేటు మనిషికి కట్టిన వడ్డీకీ 2 లక్షల దాకా మినహాయింపు వస్తుంది. అసలుకు రాదు, ఖాళీ ప్లాటుకు రాదు. కాకపోతే అప్పిచ్చినవాడు పాన్ నంబరుతో వడ్డీ ధ్రువీకరణ ఇవ్వాలి. ఆ ఆదాయం రిటర్నులో చూపేవాడే ఆ కాగితం ఇస్తాడు.

చివరి రూపాయి కట్టే రోజు

చివరి మొత్తం ఇంటి దగ్గర కాదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర కట్టండి. తెలంగాణలో వ్యవసాయ భూమి తనఖా అయితే తహసీల్దారు ఆఫీసు దగ్గర. ముందు రోజే తనఖా విడుదల పత్రం రాయించి, చదివి, లెక్క ఖరారు చేసుకుని, అతను సంతకానికి కూర్చున్నాక ఆర్‌టీజీఎస్ కొట్టండి. డబ్బు ముందు ఇచ్చేస్తే ఆ తర్వాత అతనికి మీ పని మీద శ్రద్ధ ఉండదు, ఊళ్లో లేడని చెప్పిస్తాడు. జీపీఏ ఇచ్చి ఉంటే దాని రద్దు పత్రం కూడా అదే పూట, అదే చోట, ఇద్దరి సంతకాలతో.

మొదటి రోజు తీసుకున్న రసీదు పక్కన పెట్టుకుని డాక్యుమెంట్లు ఒక్కొక్కటే సరిచూసుకోండి. సేల్ డీడ్ ఇచ్చి లింకు డాక్యుమెంటు ‘బీరువాలో ఉంది, రేపిస్తా’ అనడం మామూలు. చెక్కులు నంబరు ప్రకారం వెనక్కి తీసుకోండి. ఎన్‌బీఎఫ్‌సీ అయితే మొత్తం కట్టిన 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇచ్చి, తనఖా నమోదు తీసేయించాలి. వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు కట్టాలి. 2023 డిసెంబరు నుంచి ఈ నియమం ఉంది, అడిగితేనే కదులుతుంది.

ప్రోనోటు చింపేయడం మనవాళ్ల అలవాటు, అందరి ముందూ చింపితే తృప్తి. చింపకండి. వెనక ‘అసలు వడ్డీ పూర్తిగా ముట్టినవి, ఈ నోటు చెల్లు’ అని అతని చేతిరాతతోనే తేదీ, సంతకం రాయించి ఫైల్లో పెట్టుకోండి. రెండు వారాలాగి ఈసీ తీయించండి. తనఖా ఎంట్రీ అందులో ఎప్పటికీ ఉంటుంది, పోదు. దాని తర్వాత విడుదల పత్రం నంబరుతో ఇంకో ఎంట్రీ వచ్చిందో లేదో చూడండి, సర్వే నంబరు, ఇంటి నంబరు, హద్దులు తనఖా పత్రంలో ఉన్నట్టే పడ్డాయో లేదో కూడా. హద్దుల్లో తూర్పు పడమర తారుమారైతే సవరణ పత్రానికి మళ్లీ అతని సంతకమే కావాలి.